పడవ దింపే పిలుపు

ఎండలు ముదరగానే నా ఫోనుకి మెసేజీలు మొదలవుతాయి. "మేడం, సమ్మర్ సెషన్లకి ఐడియాలు ఉంటే పంపండి." పంపేది మీలాంటి పిల్లలే, సంగీత చికిత్స చదువుకుని కొత్తగా ఆస్పత్రుల్లో చేరినవాళ్ళు. రిటైరైన మనిషి కదా, మధ్యాహ్నం పూట ఈవిడకి పనేముంటుందిలే అని మీ ధైర్యం. నిజమే, ఏమీ ఉండదు. అందుకే ఈసారి తలా ఒక ముక్క పంపకుండా అందరికీ కలిపి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మీరు అడిగినవి ఇచ్చేస్తాను. లేకపోతే మీరు చివరిదాకా చదవరని నాకు తెలుసు.

తాటాకు విసనకర్రలు కొనండి. భుజం పట్టేసినవాళ్ళని చెయ్యి ఎత్తమంటే ఎత్తరు, ఏడుస్తారు. విసనకర్ర చేతికిచ్చి, పక్క కుర్చీలో ఆయనకి కాస్త విసరండి అని చెప్పి, మీరు తాళం వేస్తూ ఏదో ఒకటి పాడండి. మా వార్డులో స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన ఒకాయన ఉండేవాడు. వ్యాయామం గదిలో ఆయన చెయ్యి నడుం దాటి లేచేది కాదు. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం పక్కాయనకి విసురుతూ విసురుతూ నెత్తిదాకా ఎత్తేశాడు. ఎత్తిన సంగతి ఆయనకి తెలియలేదు. మేమూ చెప్పలేదు, చెబితే దించేస్తాడని.

గాజు గ్లాసుల్లో తలో మట్టాన నీళ్ళు పోసి చెంచాతో మీటించండి. వేళ్ళకి పని, చెవికి పని. సెషన్ అయ్యాక ఎవరు వాయించిన గ్లాసు వాళ్ళ చేత తాగించండి. వేసవిలో ముసలివాళ్ళ చేత నీళ్ళు తాగించడం కన్నా పులి పాలు పిండడం తేలిక. ఈ ఉపాయం కనిపెట్టాక మా నర్సులు కొన్నాళ్ళు నా మీద ఎంతో ప్రేమగా ఉన్నారు.

వీధి కేకలు ఆడించండి. ముంజెలు, మల్లెపూలు, ఐసు, మామిడిపళ్ళు, ఒక్కొక్కరికి ఒక్కో సరుకు అప్పగించి అమ్మమనండి. మాట పోయినవాళ్ళకి ఇది మరీ మంచిది. మెదడులో మాట పుట్టే చోటు దెబ్బతిన్నా పాట పుట్టే చోటు చాలాసార్లు మిగిలే ఉంటుంది. ఆ దారమ్మట మాటని మెల్లగా వెనక్కి రప్పించుకోవచ్చు. వీధి కేక సగం మాట, సగం పాట. మా వార్డులో ఒక టీచరమ్మ, జన్మలో వీధిలో గొంతెత్తి ఎరగని మనిషి, "ముంజెలో" అని ఒక్క కేక వేస్తే కింద గేటు దగ్గర వాచ్‌మేన్ నిజంగానే బయటికి వెళ్ళి చూసొచ్చాడు. దొరకలేదని నొచ్చుకున్నాడు కూడా.

ఇవన్నీ పనిచేశాయి, కళ్ళు మూసుకుని వాడుకోండి. ఇంకొకటి ఉంది, సముద్రం. దాని సంగతి చెప్పడానికే ఈ ఉపోద్ఘాతమంతా.

ఎండాకాలం అనగానే నాకు సముద్రం తోచింది. తోచదా మరి. నేను గోపాలపట్నంలో పుట్టి పెరిగినదాన్ని. మాకు సముద్రమంటే ఆదివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, కాల్చిన మొక్కజొన్న పొత్తు తిని, చీర కుచ్చెళ్ళు తడుపుకుని, పిల్లల్ని తిట్టుకుంటూ తిరిగొచ్చే చోటు. అలల చప్పుడు వింటే మనసు చల్లబడుతుందని నేను చదివిన పుస్తకాల్లో కూడా ఉంది. అలల చప్పుడు చేసే ఒక డప్పు ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. దాని ధర చూసి నేనే తయారుచేశాను. పెద్ద జల్లెడకి రెండు వైపులా దళసరి ప్లాస్టిక్ కాగితం బిగించి, మా ఆయన సైకిలు షాపులో అడుక్కొచ్చిన బేరింగు గుళ్ళు లోపల పోశాను. మెల్లగా అటూ ఇటూ వంచితే అచ్చం అలే. ఇంట్లో వాయించి చూస్తే మా ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆయన మామూలుగానే కూర్చుని నిద్రపోతాడన్న సంగతి ఆ ఉత్సాహంలో గుర్తు రాలేదు.

ఆ వేసవిలో మా దగ్గర ఒక జాలరి పెద్దాయన ఉండేవాడు. భీమిలి అవతల ఒక చిన్న పల్లె నుంచి వచ్చాడు. అరవై దాటిన మనిషి, తాడు లాగి లాగి గట్టిపడిన చేతులు. పక్షవాతం కుడి పక్కని కొట్టేసింది, మాటని తీసుకుపోయింది. మిగిల్చింది ఒక్కటే మాట, "అదే". అన్నం పెట్టినా అదే, మందు చేదుగా ఉన్నా అదే, డాక్టరుగారు గుడ్ మార్నింగ్ అన్నా అదే. లోపల చెప్పదలుచుకున్నది మాత్రం తలకాయ నిండా ఉండేది, ఆ కళ్ళు చూస్తే తెలిసేది. మా కేంద్రం ఒక ట్రస్టు వాళ్ళు నడిపేది. ఇలాంటివాళ్ళని కొన్ని వారాలు ఉంచుకుని, నిలబెట్టి, నడిపించి, వీలైనంత మాట రప్పించి ఇంటికి పంపడం మా పని.

ఆయనతో పాటు ఆయన భార్య ఉండేది. చేపలమ్ముకునే మనిషి. గొంతు ఖంగుమనేది, మనసు వెన్న. ఆయన్ని "మావ" అనేది. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు సముద్రం మీద వేట ఆపేస్తారు కదా, అమ్మడానికి చేపలు లేక ఆవిడా వార్డులోనే మకాం పెట్టింది. వచ్చిన వారంలోనే నన్ను వరండాలోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది.

"మేడంగారూ, వేట మళ్ళీ మొదలెట్టీ రోజుకి మావ నిలబడగలడా? గొంతు లెగుస్తాదా? అది సెప్పండి సాలు."

ఎందుకంత తొందర అని అడిగాను. అప్పుడు చెప్పింది. నిషేధం ఎత్తేసిన రోజు పొద్దున్న వాళ్ళ పల్లెలో గంగమ్మకి పూజ చేసి, ఒడ్డున పడి ఉన్న పడవల్ని మళ్ళీ నీళ్ళలోకి దింపుతారు. ఒక్కో పడవకి ఒక్కో ఇంటి పెద్ద పిలుపివ్వాలి. ఆయన ఒక చరణం అంటే, పడవకి భుజం ఆనించిన మగవాళ్ళంతా జవాబు అంటూ తోస్తారు. వీళ్ళ పడవకి పిలుపు ఈ ఇంటిదే, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి ఈయనకి వచ్చింది. ఆ పొద్దున్న ఇవ్వలేకపోతే ఆవిడ తమ్ముడు ఇస్తాడు. ఒకసారి గడప దాటిన పిలుపు మళ్ళీ వెనక్కి రాదు.

"పిలుపంటే ఏటనుకున్నారు, ఉత్తి కేకే. దాంతో కూడూ రాదు గుడ్డా రాదు. మా తమ్ముడూ మంచోడే, కాదనను. గానీ అది పోతే ఈ మనిసి ఇంక లెగడు మేడంగారూ. మంచం మీదే ఉండిపోతాడు. నాకు తెల్సు."

చూస్తాంలే అన్నాను. ఏ ఆధారంతో అన్నానో దేవుడికే ఎరుక. మన ఉద్యోగంలో ఈ "చూస్తాంలే" చాలాసార్లు అనాల్సి వస్తుంది.

ఇక మా ఫిజియో గురించి చెప్పాలి. నాకన్నా చాలా చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. నోరు మూతపడేది కాదు. రోగుల మీద జోకులు, నర్సుల మీద జోకులు, అన్నిటికన్నా ఎక్కువ సెషన్లకి నేను మోసుకొచ్చే తంబురా మీద. చేతుల్లో మాత్రం గొప్ప పనితనం. అటువంటివాడు కూడా జాలరి పెద్దాయన దగ్గర ఓడిపోయి కూర్చున్నాడు. ఆయన కుర్చీలోంచి లేవడానికి ఒప్పుకునేవాడు కాదు. లేపబోతే ఒళ్ళంతా బిగదీసుకునేవాడు. "అక్కా, ఈయన్ని లేపడం కన్నా నీ క్రేను తాతని పిలిసి ఎత్తించీయడం సులువు" అనేవాడు ఫిజియో.

సముద్రం సెషన్ రోజు హాలు కిటికీలకి వట్టివేళ్ళ చాపలు కట్టించి తడిపించాను. అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాను. జల్లెడ అందుకుని మెల్లగా మొదలుపెట్టాను. ఎంత బాగుందో. టీచరమ్మ తల వాల్చేసింది. క్రేను తాత గురక కూడా మొదలుపెట్టాడు. అక్కడితో ఆపేస్తే మంచిదాన్ని. కళాకారిణిని కదా, ఊరుకోలేకపోయాను. చిన్న అలలు పెద్ద అలలు కావాలనుకున్నాను. జల్లెడ జోరుగా తిప్పడం మొదలుపెట్టాను. హోరుమంది హాలు.

జాలరి పెద్దాయన కళ్ళు తెరిచాడు. కిటికీ వైపు చూశాడు. "అదే, అదే" అంటూ ఎడం చెయ్యి కుర్చీకి ఆనించి నిలువునా లేచాడు. ఒక అడుగు కూడా వేశాడు. రెండో అడుగు కుడి కాలిది, అది రాలేదు. ఫిజియో పరుగెత్తుకొచ్చి కిందికి దూరిపోయి ఆయన్ని మీద వేసుకుని పడ్డాడు. నేను జల్లెడ వదిలేశాను. దాని ప్లాస్టిక్ కాగితం చిరిగి బేరింగు గుళ్ళు హాలంతా దొర్లాయి. వాటి మీద కాలేసి ఒక నర్సు జారింది, ఆమెని పట్టుకోబోయి ఆయా జారింది. చల్లగా పడుకోమన్న సెషన్‌లో నిలబడి ఉన్న మనిషి లేకుండా పోయాడు.

గుమ్మంలోంచి ఆయన భార్య వచ్చి పడింది. మొగుడి మోచేయి గీరుకుపోయింది తప్ప దెబ్బేమీ లేదని చూసుకుని, అప్పుడు నా వైపు తిరిగింది.

"ఏటి మేడంగారూ మీరు సేసిన పని? ఆ హోరు ఇంటే మా ఓళ్ళు అన్నం కంచాలొగ్గీసి పరుగెడతారు, పడవలు పైకి లాగీయాల. సముద్రం పొంగొచ్చీ సద్దు సేసి, కళ్ళు మూసుకుని తొంగోమంటారేటి?"

కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ సామెత నా కోసమే పుట్టిందనిపించింది. పైన పెద్ద డాక్టరుగారు పిలిపించారు. ఆవిడ గట్టిగా అరిచే మనిషి కాదు, మెల్లగా మాట్లాడేది. అది ఇంకా కష్టం. "సంగీతం కూర్చోబెట్టి చెయ్యండమ్మా, పరుగులు పెట్టించకండి" అని, ఆ పెద్దాయన సెషన్లు ఆపించేసింది. ఆ సాయంత్రం నేను డ్యూటీ గదిలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే ఫిజియో వచ్చాడు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి, దాని మీద ఐసు ముక్క.

"అక్కా, లెగిసినాడు. నువ్వు సూసినావా లేదా?"

"పడ్డాడు కదరా."

"అందరూ పడిపోనాడు పడిపోనాడు అంటన్నారు. నాను సూసింది లెగడం. ఇన్నాళ్ళూ నాను లేపలేనోడు నీ జల్లెడకి లెగిసినాడు."

వాడు ఆ ఐసు ముక్కతోనే డాక్టరుగారి గదికి వెళ్ళాడు. ఏం వాదించాడో తెలియదు. మర్నాడు ఆవిడ షరతులతో ఒప్పుకుంది. కింద పరుపులు పరవాలి, నడుముకి బెల్టు కట్టాలి, అటొకరు ఇటొకరు ఉండాలి. "ఆ జల్లెడ మాత్రం ఈ బిల్డింగులో నా కంట పడకూడదు" అంది. పడలేదు. మా ఇంట్లో ఇప్పుడు దాంట్లో వడియాలు ఎండబెడతాను.

అప్పుడు పుట్టింది మా "పడవ దింపుడు". పెద్దాయన భార్య పల్లెకి వెళ్ళి ఒక పాత తాడు పట్టుకొచ్చింది. ఉప్పు వాసన, చేపల వాసన, వార్డు మొత్తం ముక్కులు మూసుకుంది. దాన్ని మధ్యాహ్నం భోజనాల ట్రాలీకి కట్టాం. ట్రాలీయే పడవ. హాలు ఆ చివర నుంచి ఈ చివరకి పడవని లాక్కొస్తే తప్ప ఎవరికీ అన్నం లేదు. తాడు మొదట్లో పెద్దాయన, చచ్చుబడిన కుడిచేతిని కూడా గుడ్డతో తాడుకి చుట్టి కట్టాం. వెనక క్రేను తాత, టీచరమ్మ, మిగతా జనం. అంతా సిద్ధం. పిలుపు ఎవరివ్వాలి? మాకెవరికీ రాదు. ఆవిడకి ప్రతి చరణమూ తెలుసు, కానీ నోరు విప్పదు.

"ఆడది పిలవకూడదు మేడంగారూ. పడవ నీళ్ళు తాకీదాకా ఆడగొంతు ఇనపడకూడదు. మా ఊళ్ళో అలాగే."

"ఇది ఆస్పత్రమ్మా, సముద్రం కాదు. అది పడవ కాదు, సాంబారు."

నవ్వింది. లేచి వెళ్ళి తలుపు మూసొచ్చింది. కిటికీలోంచి ఎవరైనా చూస్తున్నారేమో అని తొంగి చూసింది. అప్పుడు అంత ఖంగుమనే మనిషీ పిల్లి కూతంత గొంతుతో మొదలుపెట్టింది.

"గట్టు దిగవే తల్లీ..."

"దిగుదిగో దిగో" అని జవాబు అందరూ అనాలని ముందే నేర్పాం. అందరూ అన్నారు. అందరితో పాటు ఇంకో గొంతు, మొద్దుగా, బొంగురుగా, ఎప్పుడూ వినని గొంతు. పెద్దాయన. "అదే" కాదు, "దిగుదిగో". ఆవిడ రెండో చరణం అనడం మానేసి మొగుడి మొహం చూస్తూ ఉండిపోయింది. "ఆపకు, ఆపకు" అని ఫిజియో అరిచాడు. ఆవిడ అందుకుంది, ట్రాలీ కదిలింది, సాంబారు సగం ఒలికిపోయింది. ఆ పూట పప్పుతో సరిపెట్టుకున్నాం. అంత రుచైన పప్పు నేను మళ్ళీ తినలేదు.

ఆ నెలంతా అదే పని. ముందు జవాబు మాత్రమే అనేవాడు. తర్వాత ఆవిడతో పాటు చరణం కూడా అనడం వచ్చింది. తర్వాత ఆవిడ "గట్టు" అని మొదటి మాట అందిస్తే చాలు, "దిగవే తల్లీ" తనే పూర్తిచేసేవాడు. తాడు పట్టుకుని నిలబడేవాడు. తాడు వదిలి చేతికర్ర పట్టుకున్నాడు. చివరి వారంలో ట్రాలీలో మామిడిపళ్ళు పెట్టి, ఇవాళ వేటలో పడ్డవి ఇవే అని పంచాం. డాక్టరుగారు కూడా వచ్చి ఒక పండు తీసుకుంది. తాడు వాసన గురించి ఒక్క మాట అనలేదు.

ఇంటికి పంపే రోజు దగ్గర పడ్డాక నాకు ఒక పాడు సందేహం వచ్చింది. ఒడ్డు మీద ఈయనే మొదలుపెట్టాలి. ఇక్కడ ఎప్పుడూ మొదలుపెట్టింది ఆవిడ. ఆవిడని నోరు మూసుకోమని చూశాను. పెద్దాయన తాడు పట్టుకుని నోరు తెరిచాడు. మెడ నరాలు తేలాయి, చెమట కారింది. చివరికి బయటికి వచ్చింది "అదే". తాడు విసిరికొట్టి గోడ వైపు తిరిగిపోయాడు. ఆ రోజు ఆయన్ని చూడటానికి నాకు మొహం చెల్లలేదు. పిల్లలూ, మాట అందించడం ఎంత అవసరమో, అందించడం ఎప్పుడు మానాలో తెలియడం అంతకన్నా అవసరం. ఇది మీ పుస్తకాల్లో ఉంది. నా పుస్తకంలోనూ ఉండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మిగిలిన నాలుగు రోజుల్లో ఒక ఉపాయం చేశాం. ఆవిడ ఎదురుగా నిలబడి గొంతు లేకుండా పెదవులు మాత్రం "గట్టు" అన్నట్టు కదపాలి. ఆయన అది చూసి మొదలుపెట్టాలి. మొదట కుదరలేదు, తర్వాత కుదిరింది, ఇంటికి వెళ్ళే ముందు రోజు రెండుసార్లూ చక్కగా కుదిరింది. నేనూ ఫిజియో మా భుజాలు మేమే చరుచుకున్నాం.

వేట మొదలయ్యే రోజు తెల్లారకుండానే ఇద్దరం భీమిలి బస్సెక్కాం. అక్కడి నుంచి షేర్ ఆటో. పల్లెకి చేరేసరికి ఒడ్డంతా జనం. పడవలకి కొత్త రంగులు, ముక్కులకి పసుపు కుంకాలు, బంతిపూల దండలు, నిమ్మకాయలు. పెద్దాయన తెల్ల పంచె కట్టుకుని, కర్ర పట్టుకుని, వాళ్ళ పడవ పక్కన నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి తలూపాడు. ఆవిడ తమ్ముడు దగ్గరికొచ్చి ఆయన చెవి దగ్గర చెప్పడం నాకు వినపడింది.

"బావా, ఇబ్బందైతే సెయ్యూపు. మిగతాది నాను సూసుకుంటాను."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

కొబ్బరికాయ కొట్టారు. ఆడవాళ్ళందరూ వెనక్కి, వలలు కుప్పపోసిన చోటికి వెళ్ళిపోయారు. ఆవిడా వెళ్ళింది. మగవాళ్ళు పడవకి భుజాలు ఆనించారు. పెద్దాయన కర్ర ఊనుకుంటూ పడవ ముక్కు పక్కకి వెళ్ళి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

నేనూ ఫిజియో ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్ని రోజుల్లో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పిలుపిచ్చే మనిషి సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. పెళ్ళాం వీపు వెనక ఉంటుంది. పెదవులెవరు చూస్తారు?

ఆయన తల కొంచెం వెనక్కి తిప్పబోయాడు. మెడ అంత దూరం తిరగలేదు. మళ్ళీ సముద్రం వైపే చూసి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. భుజాలు ఆనించిన మగవాళ్ళు అలాగే వంగి ఉన్నారు. మళ్ళీ తెరిచాడు. వెనకనుంచి చూస్తున్న నాకు ఆయన చెవులు ఎర్రబడటం కనిపిస్తోంది. పక్క పడవ దగ్గర ఎవరో దగ్గారు. తమ్ముడు ఒక అడుగు ముందుకేశాడు. రెండు నెలల మా పని, ఆ మనిషి పరువు, అంతా ఆ ఒక్క అడుగుతో అయిపోయిందనుకున్నాను.

"గట్టూ..."

వలల కుప్ప దగ్గర్నుంచి వచ్చింది. పిల్లి కూత కాదు. బజార్లో చేపలమ్మే గొంతు, ఖంగున.

"దిగవే తల్లీ" అన్నాడు పెద్దాయన.

"దిగుదిగో దిగో" అన్నారు మగవాళ్ళు. అలవాటైన జవాబు, ఆలోచించకుండా నోటికొచ్చేసింది. పడవ కదిలింది. తర్వాత రెండో చరణం. దాన్ని ఎవరూ అందించలేదు. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది, నేను చూశాను. "నీటిదారి నీదే" అని ఆయనే ఎత్తుకున్నాడు. గొంతు బీటలు వారి ఉంది, శ్రుతి ఎక్కడో ఉంది. మూడోది కూడా ఆయనే, "నిండుగా రావే తల్లీ". పడవ ముక్కు నీళ్ళలో పడింది, పక్కనే ఆయన పాదాలూ. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఫిజియో జోకు వెయ్యలేదు.

సంతోషం కాసేపే. వాళ్ళ ఊరి పెద్ద, అందరికన్నా ముసలాయన, ఇసకలో మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు.

"ముందు ఇనపడిన గొంతు ఎవులిది?"

ఆవిడ పక్కనున్న ఆడవాళ్ళు కొంచెం కొంచెంగా జరిగిపోయి ఆవిడని ఒంటరిని చేశారు. ఆవిడ పమిట చెంగు నోట్లో కుక్కుకుని తల దించుకుంది. తమ్ముడు ఇసకకేసి చూస్తున్నాడు.

"ఆడగొంతు ఇనపడితే పిలుపు సెల్లదు. పడవ వెనక్కి లాగి మళ్ళీ పిలిపించాల. ఎవులు పిలమన్నారు దాన్ని?"

నేను ముందుకెళ్ళి ఏదో చెప్పబోయాను. ఆస్పత్రి మేడం మాట అక్కడ ఎవరికి కావాలి? అంతలో పెద్దాయన నీళ్ళలోంచి వస్తున్నాడు. కర్ర ఇసకలో దిగబడుతోంది. ఫిజియో పరుగెత్తి చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు. వచ్చి ఊరి పెద్ద ఎదురుగా నిలబడ్డాడు. నోరు తెరిచాడు. "అదే" అంటాడు, అంతా నవ్వుతారు అని నేను కళ్ళు మూసుకున్నాను.

"నానే."

ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు.

"నానే పిలమన్నాను దాన్ని."

తాడు లేదు, తాళం లేదు, రాగం లేదు. మామూలు మాట. పక్షవాతం వచ్చిన తర్వాత ఆ నోట్లోంచి వచ్చిన మొదటి వాక్యం.

"నువ్వా?"

"నానే."

ముసలాయన ఆయన్ని పైకీ కిందికీ చూశాడు. వెనక పడవ నీళ్ళలో ఊగుతోంది. దాన్నీ చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"పడవ పెద్ద సెప్పినాక మరేటుంది. ఆ ముక్క ముందే సెప్పి ఏడవొచ్చు గదరా" అని, పక్క పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

తమ్ముడు ముందు నవ్వాడు. తర్వాత అందరూ. ఫిజియో నా చెవి దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఈయన ఆయమ్మకి ఎప్పుడు సెప్పినాడు?"

"నోరు ముయ్యరా" అన్నాను.

ఆవిడ వలల కుప్ప పక్కనే ఇసకలో కూలబడిపోయి ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏడుస్తోందో నవ్వుతోందో ముందు తెలియలేదు. రెండూ చేస్తోంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా మావ అబద్దం ఆడీసినాడు మేడంగారూ" అంది. "సూసినారా, ఎంత బాగా ఆడీసినాడో."